ముట్టింది డబ్బు, పరిహారం కాదు: న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఇంగ్లిష్‌లో ఉన్న కోర్టు కాగితాలను, ఫారాలను తెలుగులోకి మార్చడం నా పని. కొంతకాలం కిందట ఒక ప్రమాదం కేసులో రసీదు ఫారాన్ని తెలుగు చేశాను. చివరి వాక్యం ఇది: 'పరిహారం పూర్తిగా ముట్టినది. ఇకపై నాకు ఎటువంటి క్లెయిమూ లేదు.' దాని కింద వేలిముద్రకు ఒక గడి. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లికి దాన్ని నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. సిరా అంటిన బొటనవేలు గడి మీద పెట్టబోతూ ఆగి, 'ముట్టింది డబ్బులు కదా బాబూ, పరిహారం ముట్టిందని రాశారేంటి?' అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆమె వేలిముద్ర వేసేసింది. వేయకపోతే చెక్కు ఇవ్వరు.

ఆ మాట రాసింది నేనే. ఇంగ్లిష్‌లో కాంపెన్సేషన్ అని ఉన్నా, రిపరేషన్ అని ఉన్నా మా దగ్గర రెంటికీ 'పరిహారం' అనే రాస్తాం. కానీ రెండూ ఒకటి కావు. కాంపెన్సేషన్ లాటిన్‌లో 'తూచడం' అనే మాట నుంచి వచ్చింది, తక్కెడ ఒక పళ్ళెంలో నష్టం, ఇంకో పళ్ళెంలో సొమ్ము. రిపరేషన్‌కు మూలం 'రెపరారె', అంటే మళ్ళీ సిద్ధం చేయడం. మనం రోజూ వాడే 'రిపేరు' కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. ఫ్యాను ఆగిపోతే మెకానిక్ మన చేతిలో డబ్బు పెట్టి వెళ్ళిపోడు, తిరిగేలా చేసి వెళ్తాడు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఈ మాటకు ఇదే అర్థం. పాడైన కట్టడాలను బాగుచేయడాన్ని కూడా రిపరేషన్ అనేవారు.

ఇక మన 'పరిహారం'. పరిహరించడమంటే తొలగించడం, తప్పించడం. పాత రాగి శాసనాల్లో 'సర్వకర పరిహారం' అని కనిపిస్తుంది, పన్నులన్నిటి నుంచీ మినహాయింపు అని దానర్థం. నష్టాన్ని తొలగించేదీ, బాధ్యతను తప్పించేదీ ఒకే మాట కావడం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

రిపరేషన్ అంటే డబ్బే అనే భావం బలపడింది ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. 1919 వెర్సాయ్ శాంతి ఒప్పందం యుద్ధ నష్టాల బాధ్యతను జర్మనీ మీద మోపింది. 1921లో ఆ లెక్కను 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. దాంతో ముడిపడిన అప్పుపత్రాల మీద చివరి చెల్లింపు 2010 అక్టోబరు 3న జరిగింది. అన్నేళ్ళూ ఆ మాట వెంట అంకెలే నడిచాయి. అయితే హేగ్‌లోని అప్పటి శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానం 1928లోనే, జర్మనీ, పోలండ్‌ల మధ్య నడిచిన కోర్జువ్ ఫ్యాక్టరీ కేసులో, దాని అసలు అర్థాన్ని తిరిగి పట్టుకుంది. తప్పు జరగకపోయుంటే ఎలా ఉండేదో, వీలైనంత వరకు ఆ స్థితిని తేవడమే రిపరేషన్ అని చెప్పింది.

కాంపెన్సేషన్ తక్కెడ మాత్రం ఏది తప్పో అడగదు. బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో బ్రిటన్ చేసిన చట్టం 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఆ సొమ్ము అందింది యజమానులకు. బానిసలకు ఒక్క పౌండ్ కూడా రాలేదు. ఆ బానిసల సేవల మీద అప్పటిదాకా హక్కున్నవారికి కాంపెన్సేషన్ ఇవ్వడానికి అని చట్టం పేరులోనే రాసుకున్నారు.

మాట విలువ తెలిసినవాళ్ళు దాని కోసం పట్టుబట్టారు కూడా. నాజీల అకృత్యాల తర్వాత 1952లో పశ్చిమ జర్మనీ, ఇజ్రాయెల్ మధ్య కుదిరిన ఒప్పందం కింద చేసే చెల్లింపులను జర్మన్లు 'మళ్ళీ మంచి చేయడం' అనే అర్థమొచ్చే మాటతో పిలిచారు. ఇజ్రాయెల్ ఆ మాట ఒప్పుకోలేదు. పోయిన ప్రాణాలను ఎవరు మళ్ళీ మంచి చేస్తారు? అందుకే హీబ్రూలో 'షిలూమిమ్', అంటే చెల్లింపులు, అని మాత్రమే అన్నారు. డబ్బు తీసుకున్నారు, క్షమించామని మాత్రం రాయలేదు.

ఆ తల్లి అడిగిందీ ఇదే.

2005లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తన 60/147 తీర్మానంలో రిపరేషన్‌కు ఐదు రూపాలు చెప్పింది. డబ్బు వాటిలో ఒకటి మాత్రమే. పోయినదాన్ని తిరిగి ఇవ్వడం ఉంది, వైద్యం, మానసిక సాయం ఉన్నాయి. నిజం బయటపెట్టి బహిరంగంగా క్షమాపణ చెప్పడం ఉంది. అదే తప్పు మళ్ళీ జరగకుండా ఏర్పాటు చేయడం ఉంది. నా అనుభవంలో బాధితులు ముందు అడిగేది ఈ చివరిదే. 'ఇంకొకరికి ఇలా కాకూడదు' అంటారు, ఆ తర్వాతే సొమ్ము మాట ఎత్తుతారు.

డబ్బు వివాదం ఎక్కడో ఒకచోట ముగియాలని లాయర్లు అంటారు. నిజమే, ముగియనివ్వండి. కానీ ముగిసింది డబ్బు లెక్కేనని రాయించండి. 'పరిహారం పూర్తిగా ముట్టినది' అన్నచోట 'ఇంత సొమ్ము ముట్టినది' అని ఉంటే చాలు. దాని కింద క్షమాపణకు ఒక గడి, వైద్యానికి ఒకటి, మళ్ళీ జరగకుండా ఏం చేశారో రాయడానికి ఒకటి పెట్టించండి. జరిగి ఉంటే తేదీతో రాయండి. జరగకపోతే 'ఇంకా జరగలేదు' అని అధికారి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే వేలిముద్ర అడగండి.

ఇట్లు,
మీ ఫారాలను తెలుగు చేసే ఒక అనువాదకుడు