మా బాంజో బ్రిడ్జి నిలబెట్టిన మాస్టారికి, మాకు తోడు నిలిచిన అందరికీ

మొన్నటి బాంజో, యుకులేలీ తీగవాద్యాల ఉత్సవంలో మా క్లబ్ బాగా వాయించిందని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. చాలా సంతోషం. కానీ ఆ మెప్పులో సగానికి పైగా వేరేవాళ్లకు దక్కాలి. వాళ్లు స్టేజీ మీద కనిపించలేదు, అందుకే ఈ పోస్టు.

మాది ఉద్యోగాలు, చదువులు, ఇంటిపనులు అయ్యాక కలుసుకుని వాయించుకునే బృందం. యుకులేలీలు పదకొండు, బాంజో ఒక్కటే. పాటలన్నీ ఆ బాంజో నడక మీద కట్టుకున్నవే. ప్రయాణంలో బాంజో మెడ మీద భారం పడకూడదని ముందురోజు రాత్రి దాని తీగలన్నీ ఒకేసారి వదులు చేశాం. బాంజో బ్రిడ్జిని, అంటే తీగలను ఎత్తిపట్టే చిన్న చెక్కముక్కను, జిగురుతో అంటించరు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. ఆ హడావిడిలో అది మాలో ఎవరికీ తట్టలేదు. అక్కడికి చేరి పెట్టె తెరిచేసరికి బ్రిడ్జి పడిపోయి ఉంది. మళ్లీ నిలబెట్టి బిగిస్తుంటే ఐదో తీగ పుటుక్కున తెగింది. మా వంతు ఇంకో నలభై నిమిషాల్లో. స్పేర్ తీగ లేదు. బాంజో వాయించే మా అన్నయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పక్కన వేరే క్లబ్ వాళ్లు ప్రాక్టీస్ చేసుకుంటున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన లేచి వచ్చి, "ఇలా ఇవ్వు బాబూ, చూద్దాం" అని బాంజోను ఒళ్లో పెట్టుకున్నారు. తన పెట్టెలోంచి కొత్త తీగ తీశారు. ఐదో తీగ పొట్టిది, దాన్ని బిగించే బిరడా మెడ మధ్యలో, మెడకు అడ్డంగా ఉండే మెట్లలో ఐదోదాని దగ్గర ఉంటుంది. ఆయన వేళ్లు చూడకుండానే అక్కడికి వెళ్లాయి.

తర్వాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. పన్నెండో మెట్టు దగ్గర తీగను వేలితో ఊరికే తాకి మీటారు, గంటలాంటి సన్నని స్వరం వచ్చింది. తర్వాత అదే మెట్టు మీద నొక్కి మీటారు. రెండూ ఒకటిగా పలకాలి. నొక్కిన స్వరం కాస్త హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని మెడకు దూరంగా వెంట్రుకవాసి జరిపేవారు, తగ్గితే దగ్గరికి. చుట్టూ అంత గోల, మా దగ్గర శ్రుతి చూపించే ట్యూనర్ ఉంది, అయినా ఆయన చెవి ఆనించి విన్నారు. చివరికి బ్రిడ్జి కాళ్ల చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, "ఈసారి తీగలు ఒక్కొక్కటే మార్చు, ఇది కదలదు" అన్నారు.

అన్నయ్య టెన్షన్ పోవడానికేమో, పని చేస్తూనే కబుర్లు చెప్పారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించినవాళ్లు సొరకాయ బుర్రకు తోలు బిగించి వాయించుకున్న వాద్యమే బాంజోకు మూలమట. 1879లో మదీరా దీవి నుంచి హవాయికి ఓడలో వెళ్లిన పోర్చుగీసు కూలీల చిన్న గిటార్ల నుంచే యుకులేలీ పుట్టిందట. రెండిటినీ ఇన్నాళ్లూ వాయిస్తున్నాం, ఇంత దూరం వచ్చాయని నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఈలోగా ఆయన క్లబ్ వాళ్లే, మేం అడక్కముందే, మా బదులు ముందు ఎక్కారు. పూర్తిగా శ్రుతి చేసుకోకుండానే! నిర్వాహకులు ఒక్క మాట విసుక్కోకుండా క్రమం మార్చారు. మాలో ఒకమ్మాయి యుకులేలీకి ముందురోజే కొత్త నైలాన్ తీగలు వేసింది. అవి సాగి, నిమిషానికోసారి శ్రుతి జారుతోంది. ఎవరో చెల్లెమ్మ తన యుకులేలీ చేతికిచ్చి, "వాయించాక ఇద్దువులే అక్కా" అని వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు. సౌండ్ చూసిన తమ్ముడు బాంజోను రెండడుగులు వెనక్కి నిలబెట్టి, యుకులేలీలకు మైకులు దగ్గరగా జరిపాడు. మా రిహార్సల్స్‌లో ఎప్పుడూ బాంజో కింద మునిగిపోయే యుకులేలీలు ఆ రోజే స్పష్టంగా వినిపించాయి.

మీ అందరికీ మా క్లబ్ తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మాస్టారూ, డబ్బులిస్తే తీసుకోలేదు. వేలికి తొడుక్కుని మీటే మీ ఫింగర్ పిక్ ఒకటి మా పెట్టెలో ఉండిపోయింది, భద్రంగా ఉంది. ఎక్కడ అందజేయాలో చెప్పండి, మేమే వస్తాం. ఆ పెన్సిల్ గీత మీదే బ్రిడ్జి ఇంకా అలాగే నిలబడి ఉంది.