ఈ సంక్రాంతికి సకినాలు 120 కిలోలే

దసరా తర్వాత నేను ఫోన్ ఎత్తలేదని చాలామందికి కోపం ఉంది. మెసేజ్ పెట్టినవాళ్లకు మా బిడ్డ "తర్వాత చెప్తాం" అనే జవాబిచ్చింది. ఇంట్లో ఎవరో పోయారని కొందరు అనుకున్నారట. అదేం లేదు. నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. అక్టోబర్ చివర్లో తీసేశారు. ఎనిమిది వారాలు నిండాయి, ఇప్పుడు బాగున్నాను.

ముందు దసరా సకినాల సంగతి చెప్పాలి. "అక్కా, పళ్లు విరుగుతున్నయ్" అని ఐదారుగురు రాశారు. నిజమే. సకినాల పిండి గిర్ని నుంచి తేగానే, తడి ఆరకముందే నువ్వులు, వాము, ఉప్పు వేసి కలపాలి. ఆ రోజు పిండి జల్లెడ పడుతుంటే కళ్లు తిరిగాయి. పది నిమిషాలు పడుకుని లేద్దామనుకుంటే మధ్యాహ్నం అయింది. పిండి పైపైన ఎండిపోయింది. నీళ్లు చల్లి కలిపి చుట్టాం. నూనెలోంచి తీసినప్పుడే చప్పుడు వేరుగా ఉంది, రాళ్లు రాలినట్టు. తెలిసే ప్యాక్ చేశాను, హైదరాబాద్ బస్సుకు పార్శిల్ ఇవ్వాల్సిన టైం అయిందని. తప్పు నాదే. ఆ వారం కొన్నవాళ్లందరికీ ఈసారి అంతే బరువు ఉచితంగా ఇస్తాను. అడగడానికి మొహమాటపడకండి, మా పుస్తకంలో పేర్లు ఉన్నాయి.

కళ్లు ఎందుకు తిరిగాయంటే, ఒంట్లో రక్తం 6.4 ఉంది. ఆడవాళ్లకు 12 ఉండాలి. గర్భసంచిలో గడ్డలు, ఫైబ్రాయిడ్స్ అంటారు. క్యాన్సర్ గడ్డలు కావు, చాలామందికి ఉంటాయి, కొందరికి ఉన్నట్టే తెలియదు. నాకు మూడు పెద్దవి, అందులో ఒకటి 9 సెంటీమీటర్లు. కడుపు నాలుగో నెల గర్భమంత పెరిగింది. 44 ఏళ్ల వయసులో, ప్రకాశం బజార్లో నువ్వులు తూయిస్తుంటే ఒకామె "ఏమన్న విశేషమా వదినా" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను.

రెండేళ్లుగా నెలకు పన్నెండు, పదిహేను రోజులు బ్లీడింగే. నల్ల చీరలు, ముదురు రంగు చీరలే కట్టాను. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. ఒకసారి సకినాలు చుట్టి బల్ల మీదికి ఎక్కించాక కుర్చీలోంచి లేచాను. ప్లాస్టిక్ కుర్చీ, తెల్లది. మా యారాలు చూసి, ఏమీ అనకుండా తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రాత్రి మాత్రం "నువ్వు సచ్చినంక ఆర్డర్లు ఎవరు తీసుకుంటరు" అని తిట్టింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్తాను. ముట్టులో ఉన్నవాళ్లు పిండివంటలు, పచ్చళ్లు ముట్టొద్దని చాలా ఇళ్లలో ఉంది, మా అత్తమ్మ కాలంలో మా ఇంట్లోనూ ఉండేది. నేను ఆ లెక్కన కూర్చుంటే నెలలో సగం రోజులు పొయ్యి వెలిగేదే కాదు. స్నానం చేసి, చేతులు కడుక్కుని వండాను. పోయిన సంక్రాంతికి మీరు తిని, అమెరికాకు కూడా పంపించిన 300 కిలోలు అట్లా చేసినవే. ఒక్క ప్యాకెట్టూ పాడవలేదు. పట్టింపు ఉన్నవాళ్లు వేరేచోట కొనుక్కుంటే నేనేం అనుకోను.

మరి రెండేళ్లు ఎందుకు ఆగాను? భయం. మా చిన్నమ్మకు ముప్పై నిండకముందే తెల్లబట్ట అవుతుందని, తీయకపోతే క్యాన్సర్ అవుతుందని బెదిరించి తీయించారు. ఆమె నడుము ఆనాటి నుంచి నేటికీ నిలబడలేదు. మా వాడకట్టులోనే అట్లాంటివాళ్లు నలుగురున్నారు. మా బిడ్డ ఫోన్‌లో చూపించింది: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి సంచి తీసేసి ఉంటే, మన తెలంగాణలో ఎనిమిది మందికి. అందుకే నల్లగొండలో డాక్టరమ్మ ఆపరేషన్ అనగానే లేచి వచ్చేశాను. మాత్రలు వాడాను, వాడినన్నాళ్లు తగ్గింది. బ్లీడింగ్ తగ్గడానికి సంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ కూడా ఒక దారేనట. నా గడ్డలు సంచి లోపలి ఆకారాన్నే మార్చేశాయి కాబట్టి అది నిలవదన్నారు. గడ్డలు మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది కానీ మళ్లీ రావచ్చు. హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్‌కు స్కానింగ్ చూపిస్తే, అడగకుండానే అదే మాట చెప్పారు. అప్పుడు ఒప్పుకున్నాను.

ముందు రెండు బ్యాగుల రక్తం, తర్వాత ఐరన్ సెలైన్లు. రక్తం 10 దాటాకే ఆపరేషన్‌కు డేట్ ఇచ్చారు. సంచి పెద్దది కావడంతో పొట్ట అడ్డంగా కోశారు. అండాశయాలు ఉంచారు. తీసిన సంచిని పరీక్షకు పంపితే పదో రోజున క్యాన్సర్ ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ పది రోజుల టెన్షన్ ముందు కుట్ల నొప్పి ఎంత!

మర్నాడే నడిపించారు. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకొని దగ్గమన్నారు. ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది, అది మా వంటిల్లే. మిరపకాయల పోపు ఘాటు ముక్కుకు తగిలితే దగ్గు, దగ్గితే కుట్లు చీలిపోతాయేమో అన్నంత నొప్పి. రెండు వారాలు మా ఇంట్లో పోపు బంద్. పిండివంటలు అమ్మే ఇల్లు, చప్పటి పప్పు తింటూ కూర్చుంది. మా ఇంటాయన మాత్రం రోజూ గడియారం సెంటర్ దాకా పోయి మిర్చి బజ్జీలు తిని, మూతి తుడుచుకొని వచ్చేవాడు. వాసన తెలియదనుకున్నాడు.

ఇప్పుడు పని సంగతి. మూడు నెలలు నిండేదాకా బరువులు ఎత్తొద్దన్నారు, బిందెడు నీళ్లు కూడా. తడి బియ్యం మూట గిర్నికి మోయడానికి ఒక అబ్బాయిని పెట్టుకున్నాం. కింద కూర్చోను, బల్ల మీదే చుడతాను. చుట్టే చేతులు నాతో కలిపి మూడు. అందుకే 120 కిలోలు, అంతకు మించి తీసుకోను. కూలీ పెరిగింది కాబట్టి కిలో 420 నుంచి 460 చేశాను. గరిజెలు, నువ్వుల లడ్డూలు ఈసారి లేవు, బెల్లం పాకం కలిపే బలం ఇంకా రాలేదు. దసరా ముందు అడ్వాన్స్ ఫోన్‌పే చేసినవాళ్లలో ముగ్గురికి డబ్బు ఇంకా వాపసు వెళ్లలేదు, ఈ వారంలో వేస్తాం.

ఆర్డర్లు జనవరి 5 దాకా. పార్శిళ్లు 11న ఆఖరు. ఇంటికొచ్చి తీసుకునేవాళ్లు గేటు దగ్గర హారన్ కొట్టి ఎదురుచూడకండి. ఐదు కిలోల డబ్బా మెట్ల దాకా నేను తేలేను. లోపలికొచ్చి మీరే ఎత్తుకోండి, చాయ్ పెడతాను.