తుంబురుకోనలో నన్ను మోసిన ఆరుగురు తమ్ముళ్లకు

ఫాల్గుణ పౌర్ణమి నాడు తుంబురు తీర్థం దారిలో, ఏటి రాళ్ల మధ్య కాలు విరిగి కూర్చున్న నెల్లూరు ఆవిడను నేనే. ఆరోజు నన్ను మోసుకొచ్చిన ఆరుగురి పేర్లు నాకు తెలియవు. నొప్పిలో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పాపవినాశనం దగ్గర నన్ను అంబులెన్సు ఎక్కించి, నేను తల తిప్పి చూసేలోపే జనంలో కలిసిపోయారు. ఆరు వారాల సిమెంటు కట్టు మొన్ననే తీశారు. నాలుగడుగులు వేయగలిగిన వెంటనే చేయాలనుకున్న మొదటి పని ఇది. చదివినవాళ్లు దయచేసి మరో నలుగురికి పంపండి, ఎక్కడో ఒకచోట వాళ్ల కంట పడుతుందని ఆశ.

తెలియనివాళ్ల కోసం ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. తుంబురు తీర్థం తిరుమల కొండల్లో, శేషాచలం అడవిలో బాగా లోపల ఉంది. పాపవినాశనం డ్యామ్ దాటాక ఇక అంతా రాళ్లూ రప్పలూ, ఎక్కుడూ దిగుడూ. భక్తులను అటు వదిలేది ఏటా ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తీర్థ స్నానాల పండగకే, దాన్నే తుంబురు తీర్థ ముక్కోటి అంటారు. చివరికొచ్చేసరికి దారంటూ ఉండదు, ఏరే దారి. అటూ ఇటూ నిట్టనిలువు కొండ, ఎవరో గొడ్డలితో చీల్చినట్టు మధ్యలో సన్నటి సందు, ఆ సందులో లోపలెక్కడో జలపాతం.

మా అమ్మమ్మది తరిగొండ పక్క ఊరు. వెంకన్న భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఈ తుంబురుకోనలోనే తపస్సు చేసిందని అమ్మమ్మ చెప్పగా వింటూ పెరిగాను. తిరుమల గుడిలో రాత్రి ఏకాంత సేవలో వెంగమాంబ పేరున ఇచ్చే ముత్యాల హారతి గురించి చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతు మారిపోయేది. రెండు వందల ఏళ్లకు పైబడిన ఆ కాలంలో, ఇంత అడవిలో, ఒక ఆడమనిషి ఒంటరిగా ఎలా ఉండగలిగిందో ఆ చోటు చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఇన్నాళ్లకు కుదిరింది. మావారు, మా ఆడపడుచు, నేను తెల్లవారుజామునే బయల్దేరాం.

ఇంకో అరగంట నడిస్తే జలపాతం అన్నారు. మావారు ముందు వెళ్లిపోయారు. మేమిద్దరం నెమ్మదిగా నడుస్తున్నాం. పాచి పట్టిన రాయి మీద కాలు పెట్టాను. అది జారి రెండు గుండ్ల మధ్య ఇరుక్కుంది, ఒళ్లు మాత్రం ఇంకో వైపు పడింది. టక్కుమని శబ్దం నా చెవులకే వినిపించింది. చూస్తుండగానే చీలమండ నిమ్మకాయంత ఉబ్బింది. ఫోన్లలో సిగ్నల్ లేదు. మా ఆడపడుచు ఏడుపు మొదలుపెట్టింది.

పక్కన నడుస్తున్న ఒక పెద్దాయన సాయం చేద్దామనే వచ్చారు. "బెణికిందమ్మా, ఒక్కసారి లాగితే కూర్చుంటుంది" అని పాదం పట్టుకున్నారు. వెనక నుంచి "లాగొద్దు! చెయ్యి తీసెయ్యండి సార్" అని గట్టిగా ఒక కేక. కేక వేసినావిడది వేలూరు దగ్గర ఊరట, నర్సుగా పనిచేస్తున్నారట, తెలుగులో తమిళం యాస తీయగా ఉంది. అమ్మా, మీకు నా మొదటి నమస్కారం. మీరు ఆ ఒక్క క్షణం ఆలస్యమైతే నా కాలు ఏమయ్యేదో. విరిగిన ఎముక పక్కకు జరగలేదు కాబట్టే ఆపరేషన్ తప్పిందని తర్వాత డాక్టరు ఎక్స్-రే చూపించి మరీ చెప్పారు.

ఆమె బూటు లేసులు పూర్తిగా విప్పి, పాదం కదలకుండా నిదానంగా బూటు తీశారు. తన తువ్వాలు ఏట్లో తడిపి వాపు మీద వేశారు. "కర్ర ఉందా ఎవరి దగ్గరైనా?" అని అడిగితే, అప్పుడే అక్కడికి వచ్చిన కుర్రాళ్లలో ఒకతను తన చేతికర్రను మోకాలికి ఆనించి రెండు ముక్కలు చేశాడు. ఇంకొకతను మెడలోని కండువా తీసి ఇచ్చాడు. కాలికి చెరో పక్కన కర్ర, కర్రకూ కాలికీ మధ్య మెత్తగా గుడ్డ, పైన ఆ కండువా కట్టు. కట్టాక ఆమె నా బొటనవేలి గోరు నొక్కి వదిలారు. తెల్లబడిన గోరు మళ్లీ గులాబీ రంగుకు వచ్చేదాకా చూస్తూ కూర్చున్నారు. "ఆగిన ప్రతిచోటా ఇలా నొక్కి చూడండి. రంగు రాకపోతే కట్టు వదులు చేయండి" అని ఆ కుర్రాళ్లకు నేర్పారు.

కడప వైపు యాస. ఆరుగురూ ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లు. ఎక్కడి నుంచో రాత్రంతా ప్రయాణం చేసి, ఏడాదికొకసారి వచ్చే ముక్కోటికని వచ్చారు. ఇంకో అరగంటలో జలపాతం కింద ఉండేవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో కాస్త పొట్టిగా ఉన్న అబ్బాయి "పదండ్రా, అక్కను పైకి చేర్చుదాం" అన్నాడు. అంతే. తీర్థం ఊసే ఎత్తలేదు ఎవరూ. నేనే "మీరు స్నానం చేసి రండయ్యా, ఇక్కడే కూర్చుంటాను" అన్నాను. "ఎండెక్కితే నీకు కష్టమక్కా. తీర్థం యాడికీ పోదులే" అన్నాడు.

సమంగా ఉన్నచోట ఇద్దరు చేతులు పెనవేసి కుర్చీలా పట్టారు. ఎక్కుడు వచ్చినచోట అది కుదరలేదు, ఉప్పుమూటలా వీపున ఎక్కించుకున్నారు. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, ముక్కూమొహం తెలియని పిల్లాడి వీపు ఎక్కడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అది కనిపెట్టి "మా అమ్మనైతే మోయనా?" అన్నాడు ఆ పొట్టి అబ్బాయి. ఆ మాటకు నొప్పికి రాని కన్నీళ్లు వచ్చాయి. ఇద్దరు మోస్తుంటే ఇద్దరు ముందు నడిచి "ఈ రాయి కదులుతాంది, ఎడం పక్క కాలు పెట్టు" అని దారి చెప్పేవాళ్లు, ఇద్దరు వెనక చేతులు అడ్డం పెట్టి నడిచేవాళ్లు. తాడు పట్టుకుని ఏరు దాటే చోట ఆరుగురూ నీళ్లలో వరసగా నిలబడి నన్ను చేతుల మీదుగా అవతలికి అందించారు. కండువా ఇచ్చిన అబ్బాయి ఆగిన ప్రతిచోటా మర్చిపోకుండా నా బొటనవేలు నొక్కి చూసి, "రంగొచ్చిందక్కా" అనేవాడు. ఎన్నిసార్లు అన్నాడో. ఇప్పటికీ నిద్రలో ఆ మాట వినిపిస్తుంది.

సగం దారిలో చెట్టు నీడన దించారు. అప్పుడు జలపాతం నుంచి తిరిగొస్తున్న ఒక ముసలాయన మా దగ్గర ఆగారు, ఒంటి మీద తడి పంచె ఇంకా ఆరలేదు. విషయం విని, "అయితే మీలో ఎవరికీ స్నానం కాలేదా?" అని అడిగారు. చేతిలో రెండు లీటర్ల సీసా, ఇంటికి తీసుకెళ్తున్న తీర్థం. మూత తీసి ఒక్కొక్కరి దోసిట్లో పోశారు, తలల మీద చల్లారు. నా కట్టు మీద కూడా నాలుగు చుక్కలు వేశారు. ఎండలో అంతదూరం మోసుకొచ్చినా ఆ నీళ్లు చల్లగానే ఉన్నాయి. సీసాలో అడుగున కొంచెం మిగిలింది. "ఇంటికి ఇంత చాలు" అని వెళ్లిపోయారు. తాతా, మీ కాళ్లకు మొక్కుతున్నాను.

మావారి చొక్కా రంగు మాత్రం చెబితే, జలపాతం దగ్గర అంత జనంలో వెతికి కబురు చెప్పిన అన్నకు ధన్యవాదాలు. నాకు నొప్పి మాత్ర ఇచ్చిన వైద్య శిబిరం సిబ్బందికి, మోసిన పిల్లల చేతుల్లో అడగకుండానే అన్నం పొట్లాలు పెట్టిన శ్రీవారి సేవకులకు, దారిలో తాళ్లు కట్టిన అటవీ సిబ్బందికి, అంబులెన్సు డ్రైవరుకు, తిరుమల అశ్విని ఆసుపత్రి వాళ్లకు అందరికీ దండాలు. రెండున్నర గంటల్లో నేను దిగిన దారి, నన్ను మోసుకుని ఎక్కడానికి వాళ్లకు నాలుగున్నర గంటలు పట్టింది. పైకి వచ్చేసరికి పొట్టి అబ్బాయి భుజం నా చేతి పట్టుకు కమిలి ఎర్రగా ఉంది.

తమ్ముళ్లూ, ఎరుపు అంచు తెల్ల కండువా నా దగ్గరే ఉంది. ఉతికి, మడతపెట్టి దేవుడి గూట్లో పెట్టాను. విరిచిన కర్ర రెండు ముక్కలూ దాచాను. వచ్చే ఫాల్గుణ పౌర్ణమికి నా కాలు అంతదూరం నడవడానికి డాక్టరు ఒప్పుకోకపోవచ్చు. అయినా తెల్లారేసరికి పాపవినాశనం దగ్గర ఉంటాను, కండువా భుజాన వేసుకుని ఉంటాను, గుర్తుపట్టండి. మీ బ్యాగులు, ఫోన్లు నా దగ్గర పెట్టి వెళ్లండి. ఆరుగురూ జలపాతం కింద తనివితీరా స్నానం చేసి వచ్చేదాకా అక్కడే కూర్చుని ఉంటాను.