నీరసానికి హార్మోన్ అంటగట్టొద్దు

నలభై దాటిన మగవాళ్ల నీరసమంతా హార్మోన్ లోపమేనని నమ్మించి పొడులు, మాత్రలు, ఇంజెక్షన్లు అమ్ముతున్న ప్రకటనలకు అడ్డుకట్ట వేయాలి. మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ వయసుతోపాటు ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గడం మామూలే, అది జబ్బు కాదు. నేను చూసినంతలో ఈ మందుల వెంట పడినవారెవరూ ముందుగా తమ నిద్ర, పొట్ట, షుగర్, థైరాయిడ్ సంగతి చూసుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను వారం పాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిస్తే పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయిందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మరి ఏళ్ల తరబడి నిద్ర చాలని మనిషికి ముందు కావాల్సింది ఇంజెక్షనా? బయటి నుంచి హార్మోన్ ఎక్కిస్తే ఒంట్లో సొంత ఉత్పత్తి మందగిస్తుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి, రక్తం చిక్కబడవచ్చు. పిల్లలు కావాలనుకునేవారికి సైతం ఈ మాట చెప్పకుండా అమ్మడం అన్యాయం. 'సహజం' అని రాసిన మాత్రల్లో అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్ మందును గుట్టుగా కలిపినట్లు ఎన్నోసార్లు బయటపడింది. గుండెజబ్బుకు నైట్రేట్ మందులు వాడేవారు వాటిని మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నిజంగా లోపం ఉన్నవారికి చికిత్స అందాల్సిందే. అయితే లక్షణాలతోపాటు, రెండు వేర్వేరు రోజుల్లో ఉదయం చేసిన రక్తపరీక్షల్లోనూ తక్కువని తేలాకే డాక్టరు చీటీపై ఇవ్వాలి. సప్లిమెంట్లను అమ్మకానికి ముందే ల్యాబ్‌లో పరీక్షించాలి, రుజువులేని ప్రకటనలను పత్రికలు, టీవీలు తీసుకోకూడదు.