మా ప్రయాణం చూడకుండానే పాస్‌లు అమ్మారు: మీ జపాన్ ప్యాకేజీపై ఫిర్యాదు

విజయవాడ,
6 మే 2024

మేనేజర్ గారికి,
కస్టమర్ సేవల విభాగం,
హైదరాబాద్ కార్యాలయం.

విషయం: జపాన్ ప్యాకేజీతో కలిపి మాకు అమ్మిన 7 రోజుల రైల్ పాస్‌లు, మీరిచ్చిన గైడ్ పుస్తకంలో ఉన్న పాత సమాచారం, మాకు అదనంగా అయిన ఖర్చు వాపసు గురించి.

ఆర్యా,

ఈ ఏప్రిల్‌లో మీ కంపెనీ ద్వారా మేం జపాన్ వెళ్ళొచ్చాం. నేను, మావారు, మా అత్తయ్యగారు, ఎనిమిదేళ్ళ మా బాబు. వీసా పనులు, విమానం టికెట్లు, హోటళ్ళు అన్నీ సక్రమంగా జరిగాయి. వాటి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. అక్కడ దిగాక ఎలా తిరగాలన్నది కూడా మీరే నిర్ణయించారు. ఆ నిర్ణయం మీదే ఈ ఉత్తరం. దానివల్ల మాకు యాభై వేల రూపాయలకు పైగా అనవసరంగా ఖర్చయింది. డబ్బు సంగతి అలా ఉంచినా, డెబ్బై దాటిన మా అత్తయ్యగారు పడిన అవస్థ తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మేం ఏ దారిన వెళ్తామో మీకు మొదటి నుంచీ తెలుసు, బుకింగ్‌లు చేసింది మీరే కాబట్టి. నరిటా విమానాశ్రయంలో దిగడం, టోక్యోలో ఉండడం, అక్కడి నుంచి క్యోటో, మధ్యలో ఒక పూట నారా, చివరికి కాన్సాయ్ విమానాశ్రయం నుంచి ఇంటికి. అంటే బుల్లెట్ రైలు ఎక్కాల్సింది ఒక్కసారే. మళ్ళీ టోక్యో వెనక్కి వచ్చే పనే లేదు. అయినా పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి 50,000 యెన్, బాబుకు 25,000 యెన్ చొప్పున జపాన్ రైల్ పాస్‌లు (వారం పాటు జేఆర్, అంటే జపాన్ రైల్వేస్ కంపెనీల రైళ్ళలో తిరిగే పాస్‌లు) అంటగట్టారు. మొత్తం 1,75,000 యెన్.

పాస్ లేకుండా విడి టికెట్లు కొని ఉంటే ఎంతయ్యేదో ఇంటికొచ్చాక కూర్చుని లెక్క వేశాను. నరిటా ఎక్స్‌ప్రెస్‌లో టోక్యో స్టేషన్ వరకు 3,070 యెన్. టోక్యో నుంచి క్యోటోకు రిజర్వ్ సీటు సుమారు 14,000. క్యోటో నుంచి నారా రానూపోనూ 1,440. క్యోటోలోనే ఉన్న ఫుషిమి ఇనారి, అరషియామా వెళ్ళి రావడానికి ఎనిమిది వందల లోపు. క్యోటో నుంచి కాన్సాయ్‌కి హరుకా రైలు 3,600 దాకా. అన్నీ కలిపినా మనిషికి 23,000 యెన్ దాటదు. బాబుకు అందులో సగం. నలుగురికీ కలిపి 80 వేల చిల్లరతో పోయేదానికి మా చేత లక్షా డెబ్బై ఐదు వేలు పెట్టించారు. మేం వెళ్ళినప్పుడు వంద యెన్ దాదాపు 55 రూపాయలు. తేడా ఎంతో మీరే చూసుకోవచ్చు.

ఇలా ఎందుకు జరిగిందో నాకు అర్థమైంది. 2023 అక్టోబరు 1కి ముందు ఇదే పాస్ 29,650 యెన్. టోక్యో నుంచి క్యోటో వెళ్ళి తిరిగి వస్తేనే దాదాపు అంత ఖర్చు కాబట్టి, అప్పట్లో క్యోటో వెళ్ళే ప్రతివాళ్ళకూ పాస్ తీసుకోమని చెప్పడంలో తప్పులేదు. ఆ తేదీ నుంచి ధర 50,000 అయింది. అంటే డెబ్బై శాతం దాకా పెంపు. మీరు కొత్త ధర వసూలు చేశారు, సలహా మాత్రం పాత ధర నాటిదే ఇచ్చారు. ధర మారిందని మీ బిల్లింగ్ విభాగానికి తెలిసినప్పుడు, సలహా ఇచ్చే విభాగానికి ఎందుకు తెలియలేదు?

బయలుదేరే ముందు నేను అడగకుండా ఊరుకోలేదు. మేం తిరిగి టోక్యో రావడం లేదు కదా, ఈ పాస్ మాకు గిట్టుబాటు అవుతుందా అని మీ ఆఫీసుకు మెయిల్ పెట్టాను. జపాన్ వెళ్ళే అందరూ ఇదే తీసుకుంటారు, మీరు టెన్షన్ పడకండి మేడమ్ అని జవాబొచ్చింది. ఆ మెయిల్ జతచేశాను. అప్పటికి పాస్‌లను ఇంకా వాడలేదు. మీ ఛార్జీలు మినహాయించుకుని వాపసు ఇవ్వడానికి వీలుందని మీ బుకింగ్ షరతుల్లోనే ఉంది. ఆ మాట ఒక్కటి చెప్పి ఉంటే సరిపోయేది. జవాబు రాసిన ఉద్యోగిని మీద నాకు కోపం లేదు, ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆమె చేతికి మీరిచ్చిన సమాచారమే పాతది.

పాస్ వల్ల డబ్బు పోవడంతో ఆగలేదు, మా దారులు కూడా మారిపోయాయి. మీరు మాకు హోటల్ ఇచ్చింది టోక్యోలోని అసకుసా ప్రాంతంలో. నరిటా నుంచి అసకుసాకు కెయిసెయి అనే ప్రైవేటు కంపెనీ రైలు నేరుగా వస్తుంది, మారే పని లేదు, టికెట్ 1,500 యెన్ లోపే. కానీ ఈ పాస్ జేఆర్ రైళ్ళకే చెల్లుతుంది కాబట్టి మీ గైడ్ మమ్మల్ని నరిటా ఎక్స్‌ప్రెస్ ఎక్కించి టోక్యో స్టేషన్‌కు పంపింది. ఆ రైలు ఆగే ప్లాట్‌ఫాం నేలకు చాలా అడుగున ఉంటుంది. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన మనిషిని, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని, ఆ లోతు నుంచి పైకి తీసుకొచ్చి, ఇంకో రైల్లో కాండా స్టేషన్‌కు వెళ్ళి, అక్కడ దిగి మళ్ళీ గింజా లైన్ మెట్రో పట్టుకుని అసకుసా చేరాం. పెట్టెలన్నీ మావారు ఒక్కరే లాగారు, నేను అత్తయ్యగారి చెయ్యి వదల్లేదు. గింజా లైన్‌కు పాస్ చెల్లదు, దానికి విడిగా డబ్బు కట్టాం.

ఇక్కడ మీకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అసకుసాలో జేఆర్ స్టేషనే లేదు. ఉన్నవి టోక్యో మెట్రో, తోయెయి సబ్‌వే, తోబు, త్సుకుబా ఎక్స్‌ప్రెస్. వీటిలో ఒక్కదానికీ ఈ పాస్ పనికిరాదు. అంటే మేం రోజూ హోటల్ గడప దాటగానే మొదటి రైలుకే డబ్బు కట్టాలి. ఆ హోటల్‌నీ ఈ పాస్‌నీ ఒకే ఆఫీసులో, ఒకే కవర్లో పెట్టి ఇచ్చారు. చేతి కొలత చూడకుండా గాజులు అమ్మినట్టుంది.

మెట్రోకు వాడుకోవడానికి ఏ స్టేషన్‌లోనైనా సుయికా కార్డు (ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డు) కొనుక్కోండి అని మీ గైడ్‌లో రాశారు. చిప్‌ల కొరత వల్ల మామూలు సుయికా కార్డుల అమ్మకం 2023లోనే ఆపేశారు, మేం వెళ్ళేనాటికీ మొదలుకాలేదు. విదేశీయుల కోసం ఇచ్చే వెల్‌కం సుయికా విమానాశ్రయంలో దొరుకుతుందని మీరు చెప్పి ఉంటే అక్కడే తీసుకునేవాళ్ళం. చెప్పలేదు. దాంతో ప్రతిచోటా మెషీన్ ముందు నిలబడి, మ్యాప్‌లో ఛార్జీ వెతికి, నాలుగు కాగితం టికెట్లు తీసుకోవాల్సి వచ్చింది.

క్యోటో వెళ్ళే రోజు సంగతి ఇంకా అన్యాయం. ఏ బుల్లెట్ రైలైనా ఎక్కొచ్చు అని మీ గైడ్‌లో పెద్ద అక్షరాలతో ఉంది. ఇది ఎప్పుడూ నిజం కాదు. ఆ దారిలో అన్నిటికంటే ఎక్కువగా తిరిగేవి నొజొమి రైళ్ళు. 2023 అక్టోబరుకు ముందు ఈ పాస్‌తో వాటిని ఎక్కనిచ్చేవారే కాదు. ఇప్పుడు ఎక్కనిస్తారు, టోక్యో నుంచి క్యోటోకు మనిషికి ఇంకో 4,960 యెన్ కడితే. యాభై వేల పాస్ చేతిలో పెట్టుకుని మళ్ళీ మా నలుగురికీ 17 వేలకు పైగా కట్టమని కౌంటర్లో చెబితే ఏం మాట్లాడాలో తోచలేదు. అదనంగా కట్టకుండా పాస్‌తో ఎక్కగలిగేవాటిలో త్వరగా వెళ్ళేవి హికారి రైళ్ళు. అవి గంటకు రెండే ఉంటాయి.

దానికి తోడు సామాను. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే, ఆ దారిలో బోగీ చివరి వరస వెనక చోటున్న సీట్లు ముందుగా రిజర్వ్ చేసుకోవాలి. ముందు చేసుకుంటే అదనపు ఖర్చు లేదు, చేసుకోకుండా తీసుకెళ్తే 1,000 యెన్ కట్టాలి. ఈ నిబంధన 2020 నుంచి ఉంది. మన ఇళ్ళల్లో విదేశాలకు తీసుకెళ్ళే పెద్ద సూట్‌కేసులు చాలావరకు ఆ కొలత దాటేవే, ఇది మీకు తెలియని సంగతి కాదు. చెర్రీపూల సీజను, స్టేషన్ నిండా జనం. సామాను చోటుతో కలిపి సీట్లున్న హికారి కోసం చాలాసేపు ఆగాం. ఆ సమయమంతా అత్తయ్యగారు సూట్‌కేసు మీద కూర్చున్నారు. సామానును హోటల్ నుంచి హోటల్‌కు చేరవేసే తక్యుబిన్ సేవ జపాన్ అంతటా ఉంది, మామూలుగా మర్నాటికి అందుతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ముందు చెప్పాల్సిన మాట అది. మీ గైడ్‌లో దాని ఊసే లేదు.

క్యోటోలో 700 యెన్‌ల ఒక రోజు బస్ పాస్ తీసుకోమన్నారు. దాని అమ్మకం 2023 సెప్టెంబరుతో ఆగిపోయింది. ఇప్పుడున్నది సబ్‌వే, బస్సు రెండిటికీ కలిపి 1,100 యెన్‌ల పాస్. ఇక ఆ బస్సుల్లో రద్దీ చెప్పనలవి కాదు. కియొమిజు గుడికి వెళ్ళే బస్సులో కాలు పెట్టే సందు లేకపోతే టాక్సీ మాట్లాడుకున్నాం. బస్సుకైతే పెద్దవాళ్ళకు 230, బాబుకు 120 చొప్పున మా నలుగురికీ 810 యెన్ అయ్యేది. టాక్సీకి అంతకంటే కొంచెమే ఎక్కువైంది, అత్తయ్యగారు హాయిగా కూర్చుని వచ్చారు. జపాన్‌లో టాక్సీ అంటే భరించలేని ఖర్చని మీ గైడ్ భయపెట్టింది. నలుగురు కలిసి దగ్గరి దూరాలకు వెళ్ళేటప్పుడు ఆ మాట నిజం కాదు. నారా విషయమూ అంతే. జింకల పార్కుకు, తోదాయిజి గుడికి దగ్గర కింతెత్సు అనే ప్రైవేటు కంపెనీ స్టేషన్. పాస్ చెల్లేది జేఆర్ స్టేషన్‌కు. కొన్న పాస్ వృథా కాకూడదని జేఆర్‌లో వెళ్ళి, ఎక్కువ దూరం నడిచాం.

పాస్ చెడ్డదని నేను అనడం లేదు. టోక్యో నుంచి హిరోషిమా దాకా వెళ్ళి, వారంలోపు తిరిగి టోక్యో వచ్చి, దారిలో నాలుగు ఊళ్ళు చూసేవాళ్ళకు ఇవాళ్టికీ లాభమే కావచ్చు. కానీ ఎవరికి లాభమో చెప్పాల్సింది మీరు. ఆ సలహా కోసమే ఆన్‌లైన్లో సొంతంగా బుక్ చేసుకోకుండా మీకు సర్వీస్ ఛార్జీ కట్టి మరీ వచ్చాం. హోటల్‌కు దగ్గర స్టేషన్ ఏ కంపెనీది, దూర ప్రయాణాలు ఎన్ని, ఏ విమానాశ్రయం నుంచి వెనక్కి, ఇంట్లో నడవలేనివాళ్ళు ఉన్నారా, పెట్టెలు ఎంతవి అని ఫోన్లో అడిగితే పది నిమిషాలు పట్టదు. మా విషయంలో ఒక్కటీ అడగలేదు.

కాబట్టి నేను కోరేవి ఇవి. విడి టికెట్ల ఖర్చు పోను పాస్‌ల మీద మేం అదనంగా పెట్టిన 94,500 యెన్‌లకు సమానమైన 52,000 రూపాయలు వాపసు ఇవ్వండి. మీ జపాన్ గైడ్‌ను వెంటనే ఆపి, పైన చెప్పిన తప్పులు సరిచేసి, సరిచేసిన తేదీ దాని మీద వేయండి. ఈ వేసవి సెలవులకు మీ ద్వారా జపాన్ బుక్ చేసుకుని, పాస్‌లు ఇంకా వాడని కుటుంబాలు ఉండే ఉంటాయి. వాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళ ప్రయాణానికి పాస్ అవసరమో కాదో లెక్క చూపించి, వద్దన్నవాళ్ళకు వాపసు ఇప్పించండి. ఈ మూడింటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఈ చివరిదే.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం పేరుతో మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మేం ఉండే ఊళ్ళోనే ఫిర్యాదు వేయడానికి ఆ చట్టం వీలు కల్పించింది.

ఇట్లు,
ప్యాకేజీ బుక్ చేసిన కస్టమర్

జతపరచినవి: బుకింగ్ రసీదు, పాస్‌ల బిల్లు, మీ ఆఫీసు మెయిల్ ప్రతి, గైడ్‌లో తప్పులున్న పేజీల ప్రతులు, విడి టికెట్ల లెక్క.