మాట వినగానే అనుమానమా?

సంపాదకుడికి,

మా గల్లీలో ఈమధ్య తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ జరిగింది, అంటే పోలీసులు గల్లీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తనిఖీ చేయడం. నేను కాజీపేటలో రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇంటి మీద రెండు రూములు కిరాయికి ఇచ్చాను. ఒకదాంట్లో పశ్చిమ బెంగాల్ మాల్దా జిల్లా నుంచి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు ఉంటారు, టైల్స్ పని చేస్తారు. పక్క రూములో మన ఉమ్మడి వరంగల్ జిల్లా అబ్బాయి. అతని బండికి నంబర్ ప్లేటే లేదు.

ఐదు గంటలకు పోలీసులు తలుపు తట్టారు. మన అబ్బాయి "నమస్తే సార్, మాది నర్సంపేట" అన్నాడు, వదిలేశారు. మాల్దా పిల్లలు హిందీలో జవాబు చెప్పగానే "బంగ్లాదేశా?" అని అడిగారు. ఆధార్, ఓటరు కార్డు చూపించారు. "ఇవి ఎక్కడైనా చేయించుకోవచ్చు" అన్నారు. కార్డులు, ఫోన్లు తీసుకుని స్టేషన్‌కు తీసుకెళ్లి సాయంత్రం పంపించారు. కొట్టలేదు, తిట్టలేదు, ఆ మాటా చెప్పాలి. ఒక రోజు కూలి పోయింది. కార్డులు మాత్రం మూడు రోజుల తర్వాత చేతికొచ్చాయి. ఆ మూడు రోజులూ వాళ్లు చాయ్ తాగడానికి కూడా గల్లీ దాటలేదు. ముగ్గురిలో చిన్నవాడు ఆ వారంలోనే ఊరికి వెళ్లిపోయాడు.

మా రైల్వే క్వార్టర్స్‌లో బెంగాలీ కుటుంబాలు ఉండేవి. తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు అందరం కలిసే బతికాం. మా బెంగాలీ సీనియర్ ఒకాయన దసరాకు ఇంటింటికీ మిఠాయి పంచేవాడు. ఇంట్లో పిల్లలతో ఆయన మాట్లాడింది ఈ టైల్స్ పిల్లలు మాట్లాడే భాషే. ఆయన్ని ఏ దేశమని ఎవరూ అడగలేదు, "దాదా" అని గౌరవంగా పిలిచాం. ఆయన చొక్కాకు ఇస్త్రీ ఉండేది. వీళ్ల చేతులకు సిమెంటు ఉంది. తేడా అంతే.

అక్రమంగా సరిహద్దు దాటి వచ్చినవాళ్లను గుర్తించవద్దని నేను అనడం లేదు. అది ప్రభుత్వం పని, చేయాలి. కానీ ఏ ఆధారంతో? అస్సాంకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు జులై 2024లో ఈ ప్రశ్నకే జవాబు చెప్పింది. అప్పటి ఫారినర్స్ (విదేశీయుల) చట్టంలో పౌరసత్వం నిరూపించుకునే భారం మనిషి మీదే ఉన్నా, చేతిలో ఏ సమాచారమూ లేకుండా ఎవరినో ఒకరిని పట్టుకుని "నువ్వు విదేశీయుడివి కాదని నిరూపించుకో" అనే అధికారం దానివల్ల రాదని తేల్చింది. జూన్ 2025లో ఢిల్లీలో పట్టుకున్న బీర్‌భూమ్ జిల్లా గర్భిణిని కుటుంబంతో సహా బంగ్లాదేశ్‌కు పంపేశారు. అక్కడ ఆమె జైలుకు కూడా వెళ్లింది. వెనక్కి తీసుకురావాలని సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు ఆదేశిస్తే, ఆమె మన గడ్డ మీద అడుగుపెట్టేసరికి డిసెంబరు వచ్చింది.

మన దగ్గర ఇలా అనగానే కొందరు వరంగల్ దగ్గరి గొర్రెకుంట బావి హత్యలను గుర్తుచేస్తారు. మే 2020లో ఆ బావిలో తొమ్మిది శవాలు తేలినప్పుడు ఊరంతా వణికిపోయిన మాట నిజం. ఉరిశిక్ష పడినవాడు బిహార్ మనిషే. కానీ చనిపోయిన తొమ్మిది మందీ కూడా ఇతర రాష్ట్రాల నుంచి పొట్టకూటి కోసం వచ్చినవాళ్లూ వాళ్ల ఇంటివాళ్లే కదా! ఆ కేసును మన పోలీసులు సీసీ కెమెరాలు, ఫోన్ వివరాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే ఛేదించారు. కనిపించిన ప్రతి బిహారీనీ లైన్లో నిలబెట్టి కాదు. ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పుట్టుకను బట్టి అనుమానించడం మనకు కొత్త కాదు. 1871లో బ్రిటిష్‌వాళ్లు చట్టం చేసి కులాలకు కులాలనే నేరస్థులుగా రాసుకున్నారు. 1952లో దాన్ని రద్దు చేసినా, దొంగతనం జరిగితే ముందు ఎరుకల వాడకు జీపు వెళ్లడం నా చిన్నప్పుడు చూశాను. ఆ నేరస్థుల జాబితా నుంచి బయటపడిన విముక్త జాతులవాళ్లను ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా చూడాలని సుప్రీంకోర్టు అక్టోబరు 2024లో కూడా చెప్పాల్సి వచ్చింది. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఉంటున్న గుత్తికోయ ఆదివాసీలు ఛత్తీస్‌గఢ్‌లో హింస భరించలేక వచ్చినవాళ్లు. ఇక్కడ వాళ్లను చూసే చూపు కూడా ఇలాంటిదే.

ఈ బాధ మన వరంగల్, కరీంనగర్ ఇళ్లకు బాగా తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లను అడగండి, జేబులో ఇకామా (అక్కడి నివాస గుర్తింపు కార్డు) లేకుండా రోడ్డు మీదికి రాగలరేమో. అమెరికాలో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో మనిషి రూపం, స్పానిష్ గానీ యాసతో ఇంగ్లీష్ గానీ మాట్లాడటం, నిలబడ్డ చోటు, చేసే పని, ఈ నాలుగింటి ఆధారంగానే వలస అధికారులు ఎవరినీ ఆపకూడదని కింది కోర్టు జులై 2025లో ఆదేశించింది. సెప్టెంబరు 8న అక్కడి సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. యాసతో ఇంగ్లీష్! హన్మకొండ నుంచి వెళ్లిన ఏ పిల్లకు ఆ యాస లేదు? మా తమ్ముడి కూతురు అక్కడే చదువుతోంది. ఆ వార్త వచ్చిన రాత్రి మా ఇంట్లో అందరికీ టెన్షనే. ఆ టెన్షన్ మాల్దాలో ఒక తల్లికి మనం పెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

పోలీసు కమిషనర్ గారికి మీ పత్రిక ద్వారా నా మనవి. కిరాయిదారుల వివరాలు తీసుకుంటే అందరివీ తీసుకోండి, తెలుగు మాట్లాడేవాళ్లవి కూడా. ఎవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్తే ఏ అనుమానంతోనో కాగితం మీద రాయండి. కార్డులు, ఫోన్లు తీసుకుంటే రసీదు ఇవ్వండి. వలస కూలీలకు కాంట్రాక్టరే ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలని 1979లోనే చట్టం వచ్చింది, నవంబరు 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అది అమల్లో ఉంది. మా పిల్లలకు ఏ కాంట్రాక్టరూ అలాంటి పుస్తకం ఇవ్వలేదు. కార్మిక శాఖ ఆ పని చేయించి ఉంటే తెల్లవారుజామున మొహాలు చూసి ఊహించాల్సిన అవసరమే ఉండేది కాదు. మీ పత్రికకూ ఒక విన్నపం. స్టేషన్‌కు తీసుకెళ్లిన రోజు "అనుమానితుల అదుపు" అని వేస్తారు. సాయంత్రం వదిలేశాక ఆ సంగతి కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఊరికి వెళ్లిన పిల్లవాణ్ని మళ్లీ రమ్మనమంటారా అంకుల్ అని మిగిలిన ఇద్దరూ నన్ను అడుగుతున్నారు. రమ్మనండి అని చెప్పే ధైర్యం నాకు కమిషనరేట్ ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
కాజీపేట