పెన్ను నా దగ్గరే ఉండిపోయింది మేడమ్

నిన్న నాలుగో థెరపీ సెషన్ అయింది. ఇంటికొచ్చి రెండు గంటలు పడుకున్నాను. పగలు అలా నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో! లేవగానే ఇది రాస్తున్నాను, వాయిదా వేస్తే ఇక రాయను. తప్పులుంటే మన్నించండి.

మా ఆయన, అక్క, అమ్మ నా వెంటే ఉన్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఈ పోస్టు ఒక క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ కోసం. కనీసం పేరు కూడా అడగలేదు నేను.

అప్పటికి పానిక్ ఎటాక్‌లు మొదలై నాలుగు నెలలు. ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చిన నెట్‌వర్క్ లిస్టు, అంటే వాళ్ళతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, థెరపిస్టుల పేర్లు, పట్టుకుని 23 మందికి ఫోన్ చేశాను. కొన్ని నంబర్లు పనిచేయవు, కొందరు కొత్త పేషెంట్లని తీసుకోరు, ఒకాయన రిటైరై మూడేళ్ళట. ఆఖరి పేరు ఈ క్లినిక్. నేరుగా వెళ్ళాను. అక్కడా ఖాళీ లేదు. సరేనండి అన్నాను గానీ కాళ్ళు కదల్లేదు. ఆవిడ పక్క కుర్చీలో ఉన్న ఫైళ్ళు తీసి నేల మీద పెట్టి, "కూర్చోండి. ఎప్పట్నుంచి తిరుగుతున్నారు?" అన్నారు. అంతే, ఏడుపు ఆగలేదు. అప్పటిదాకా అందరూ పాలసీ నంబరే అడిగారు మరి.

ఆవిడ కంగారు పడలేదు. టిష్యూ డబ్బా నా ముందుకు జరిపి, చేతికో పెన్ను ఇచ్చి, "ఇవి ఎన్నయినా వాడుకోండి, పెన్ను మాత్రం ఇచ్చేయండి, ఇక్కడ ఒక్కటీ మిగలదు" అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. ఒక పాత ఫారం వెనక రాయించారు: ఆస్పత్రిలో చేరకుండా తీసుకునే థెరపీకి కవరేజీ ఉందా? ఏడాదికి ఎన్ని సెషన్లు? ముందే అనుమతి కావాలా? సైకియాట్రిస్టుకేనా, సైకాలజిస్టుకీ ఇస్తారా? నెట్‌వర్క్‌లో లేనివాళ్ళయితే ఎంత తిరిగొస్తుంది? చెయ్యి వణుకుతుంటే చివరి లైను ఆవిడే రాశారు: "చెప్పినవాళ్ళ పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబరు." కింద రెండు గీతలు.

రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేశారు, వేరేచోట ఒక థెరపిస్టు దగ్గర ఖాళీ వచ్చిందని. దాంతో ఆవిడకి ఒరిగేదేమీ లేదు.

ఇక క్లెయిమ్ సంగతి. ముందస్తు అనుమతి ఇచ్చింది ఇన్సూరెన్స్ వాళ్ళే, బిల్లు తిప్పి పంపిందీ వాళ్ళే. డయాగ్నసిస్ కోడ్ లేదట. ఐసీడీ-10 అనే జబ్బుల కోడ్ల పట్టికలో పానిక్ డిజార్డర్‌కి ఎఫ్ 41.0 అని ఉంటుందట, అది బిల్లు మీద పడాలట. ఊపిరాడక కొట్టుకునే మనిషి కోడ్లు వెతుక్కోవాలా? మూడుసార్లు ఫోన్ చేస్తే మూడు జవాబులు. చివరికి ఆ రెండు గీతల లైను గుర్తొచ్చి రిఫరెన్స్ నంబరు చదివాను. అవతలి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. కోడ్ వేయించి మళ్ళీ పంపాను, డబ్బు ఇంకా రాలేదు.

మేడమ్, మీ పెన్ను నా బ్యాగులోనే ఉంది. ఈ వారంలో తెచ్చిస్తాను.

అయ్యో, మా థెరపిస్టునే మర్చిపోయాను! ఆవిడకీ థాంక్స్. పాలసీ పూర్తి కాపీ వెతికి పంపిన మా ఆఫీస్ హెచ్‌ఆర్ అబ్బాయికి కూడా. ఇంకా, సెషన్ ఉన్న రోజుల్లో పాపని స్కూల్నుంచి తెచ్చిన పై ఫ్లాట్ ఆంటీకి. ఆంటీ, గొడుగు కూడా మీదే, మా ఇంట్లోనే ఉంది.